నివురు లేని నిప్పు

అమ్మమ్మ అల్మారా కింది సొరుగు లాగితే
కర్పూరం వాసన.
హారతి పట్టడం ఎరగని ఊరు మాది, ఒయొనా.
జురా కొండల మోకాళ్ల దగ్గర
పొడుగు చలికాలం, పొట్టి పొలాలు.
పంట చాలక దువ్వెనలు చేసుకున్నారు మావాళ్లు.
మొదట చెక్కవి, తర్వాత ఆవు కొమ్మువి,
ఆ తర్వాత ఒకనాడు రైలు దిగింది
పలకలు పలకలుగా సెల్యులాయిడ్.

ఫోర్‌మన్ చెప్పాడట:
పత్తిని రెండు ఆమ్లాల్లో నానబెట్టి
కడిగి, కడిగి, ఇంకా కడిగి
కర్పూరంతో ముద్ద చేస్తే ఇది.
పత్తికీ నిప్పుకీ పొత్తు కుదరదంటారు,
ఇక్కడ పత్తే నిప్పు.
మనం కట్టుకున్న బట్టకు చుట్టమే.

పదమూడో ఏట బల్ల దగ్గర కూర్చోబెట్టారు
మా ఫిలోమెన్ అమ్మమ్మని.
రంపం కింద నీళ్ల తొట్టి.
రాలిన పొట్టు నేల మీద కాదు, నీళ్లలో పడాలి.
జేబులో అగ్గిపెట్టె దొరికితే ఆ పూటే లెక్క తేల్చేస్తారు.
కిటికీ అద్దాల మీద మంచు పేరుకున్నా
కుంపటి ఉండదు.
దువ్వెనకి పళ్లు కోస్తూ కోస్తూ
చలికి తన పళ్లు టకటకలాడేవట.

పధ్నాలుగులో యుద్ధం. ఆంతెల్మ్ తాత వెళ్లాడు.
అదే పత్తి, కర్పూరం లేకుండా,
ఆయన తుపాకీలో.
ఎదుటివాడి తుపాకీలోనూ.
గుండు ఏ పొద వెనక నుంచి వచ్చిందో
చెప్పడానికి పొగైనా లేదు.
ఆసుపత్రిలో చెవి పక్క గాయం మీద
నర్సు కుంచెతో పూసింది కొలోడియన్.
అదీ ఆ పత్తే, ఈథర్‌లో కరిగి.
మొత్తం యుద్ధం గురించి తాత ఒక్క మాటే చెప్పేవాడు:
"దురద."

తిరిగొచ్చాక, శనివారం రాత్రి సినిమా.
తెర మీద ఆమె కొప్పులో నెమలి పురి అంత దువ్వెన.
అమ్మమ్మ తాతని మోచేత్తో పొడిచింది.
"నాదే. మూడో పన్ను వంకర చూడు."
ఆ బొమ్మను మోసే రీలూ అదే సరుకని ఆమెకు తెలుసు,
అందుకే ఎప్పుడూ తలుపు పక్క కుర్చీ.

ఇరవై అయిదుకి లోకమంతా జుట్టు కత్తిరించుకుంది.
కొప్పుల్లేవు. పెట్టెలకు పెట్టెలు తిరుగుటపాలో.
ఫ్యాక్టరీ మూసిన గురువారం
తనూ మంగలి దగ్గరికి పోయి
మెడ దాకా తీయించుకొచ్చింది.
"పని ఎలాగూ పోయింది, మెడకైనా గాలి తగలనీ."
తాత రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం పెరట్లో
ఆరేళ్ల మా అమ్మని దూరంగా నిలబెట్టి
రాయి మీద ఒక దువ్వెన పెట్టి,
పందొమ్మిదేళ్లలో మొదటిసారి
దువ్వెన పక్కన అగ్గిపుల్ల గీసింది.
భగ్గున, అంతే.
బొగ్గు లేదు, నివురు లేదు,
రాయి కాస్త వెచ్చగా ఉంది.
"ఇంకోటి," అంది మా అమ్మ.

సొరుగులో మిగిలింది ఒకటే, తాబేటి చిప్ప రంగుది.
చెమట పట్టినట్టు జిగురు.
పక్కనున్న సూదుల పొట్లమంతా తుప్పు పట్టించింది.
మ్యూజియం ఆయన గుడ్డతో ఎత్తి చూసి
విడిగా, చల్లగా, ఇనుముకు ఎడంగా ఉంచమన్నాడు.

నా మనవరాలు ముట్టుకోబోయింది.
గోళ్ల మీద ఎర్ర రంగు, ఇంకా తడి.
ఆ సీసా తిప్పి, కళ్లజోడు పైకి తోసి
చీమ తలంత అక్షరాలు చదివాను.
నైట్రోసెల్యులోజ్.
"ఊదుకో," అన్నాను, "ముందు ఆరనీ."