ఉండనీ

హిల్యా అంటే మా భాషలో ఆలస్యం.
ఆ పేరు పెట్టుకున్న మనిషి పుస్తకాన్ని
ఆమె పోయిన తొమ్మిదేళ్లకు
మళ్లీ అచ్చు వేయాలని నా బల్ల మీద పెట్టారు.
తార్తులో, ప్రెస్సు పైన మూడో అంతస్తు.
మధ్యాహ్నం మూడింటికే దీపం వెలిగించుకునే డిసెంబరు.

రాతిపూల మీద పుస్తకం.
పూలంటే పూలు కావు.
ఉప్పుగాలి కొట్టే గోడల మీదా సమాధుల మీదా
పసుపుగా, బూడిదగా,
పెనానికి అంటుకుపోయిన అట్టు అంచులా
గీకినా రాని బతుకులు.
ఏడాదికి అర మిల్లీమీటరు.
అంతకు మించిన తొందర వాటికి తెలియదు.

ఆమె సొంత ప్రతిని చెల్లెలు పంపింది,
నూలుదారంతో అడ్డంగా నిలువుగా కట్టి.
అంచుల నిండా పెన్సిలు.
"ఇక్కడ కామా ఎవరడిగారు?"
"ఈ వాక్యం రాసింది నిజంగా నేనేనా?"
తొంభై మూడో పేజీలో కాఫీ కప్పు మరక,
దానికి బాణం గుర్తు వేసి కొలత రాసింది:
అరవై రెండు మిల్లీమీటర్లు, పెరుగుదల లేదు.
ఒక్కదాన్నే నవ్వాను.
పోయినవాళ్లు నవ్విస్తే
గది ఇంకొంచెం చల్లబడుతుంది.

నూట నలభై ఏడో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.
సారెమా దీవి, చర్చి ఆవరణ,
ఉత్తరపు గోడ నుంచి నాలుగో సమాధి,
1983 జులై: 71.
పక్కన పెన్సిలుతో 17.
చెరిపేసిన జాడ.
మళ్లీ 17.
మళ్లీ చెరిపింది.
అక్కడ కాగితం ఎంత పల్చబడిందంటే
వెనక పేజీ అక్షరాలు ఇటు తొంగిచూస్తున్నాయి.
తిరగబడింది ఆమె కళ్లలోనా, కంపోజిటర్ వేళ్లలోనా?
ఆనాటి నోటుపుస్తకాలు
ఎప్పుడో నేలమాళిగలో నీళ్లు చేరి గుజ్జయ్యాయి.
ఈలోగా ఆ డెబ్బై ఒకటిని నమ్మి
ముగ్గురు డాక్టరేట్లు తెచ్చుకున్నారు.

ఆమె సంచి మోసిన సహాయకుడికి ఇప్పుడు ఎనభై నాలుగు.
కృతజ్ఞతల పేజీలో అతని పేరులోంచి
ఒక లకారం రాలిపోయింది.
విల్లెమ్ కాస్తా విలెమ్.
"ముందు దీన్ని సరిచేస్తాను" అన్నాను ఫోనులో.
చాలాసేపు అటునుంచి కెటిల్ చప్పుడే.
"వద్దమ్మా. అది తప్పు కాదు.
ఆమె అలాగే పిలిచేది."
"మరి డెబ్బై ఒకటి?"
"దానికి నన్నెందుకు అడుగుతావు,
రాయి అక్కడే ఉందిగా."

ఏప్రిల్‌లో పడవెక్కాను.
నాలుగో సమాధి ఒక ఓడ వడ్రంగిది.
పేరు సగం రాతిపువ్వు తినేసింది,
పుట్టిన ఏడు మిగిల్చింది.
తడినేల మీద మోకాళ్లు ఆనించి
కాలిపర్ దవడలు రెండంచులకీ తాకించాను.
ముప్పై ఆరు.
అచ్చయిన అంకె కాదు, చెరిపిన అంకె కాదు.
తిరుగు పడవలో, టికెట్టు వెనక,
ముప్పై ఎనిమిదేళ్లు, ఏడాదికి అర చొప్పున,
తీసేస్తే
పదిహేడు.
పక్క సీటాయన పలకరించబోయి
నా మొహం చూసి కిటికీ వైపు తిరిగాడు.

మేం పుస్తకం మూసేసినా
ఆ రాయి మీద ప్రూఫు దిద్దుతూనే ఉంది అది,
వానలో, మంచులో, జీతం లేకుండా.

పదిహేడు అని మార్చాను.
అడుగున చిన్న అక్షరాల్లో:
మొదటి ముద్రణలో 71. రాయిని చూసి సవరించడమైనది.
ఎవరు చూశారో రాయలేదు.

చివరి ప్రూఫులు వచ్చాయి.
కృతజ్ఞతల పేజీలో ప్రెస్సు కుర్రాడు
శ్రద్ధగా, ఎర్ర సిరాతో, ఒక ల చేర్చాడు.
కొట్టేశాను.
మళ్లీ చేర్చి పంపాడు.
మళ్లీ కొట్టేశాను.
మూడోసారి ఆ కాగితం దీపానికి ఎత్తి పట్టుకుంటే
అక్కడ వెలుతురు కాస్త ఎక్కువగా దిగింది.
పెన్సిలు చెక్కుకుని
అంచున రాశాను:
ఉండనీ.