పాసంగం

పీకో దీవిలో తెల్లవారకముందే
గుమ్మాలకు వేలాడే గుడ్డసంచుల్లో
రొట్టెలు పడిపోవాలి.
దియొలిందా మోటారుసైకిల్ ముందు చక్రానికి
ఆ వారమే కొత్త టైరు వేశాం.
బండి అరవై దాటగానే హ్యాండిల్ వణికిందట,
చలిజ్వరమొచ్చిన పిల్లాడి దవడలా.

ఎదురు దీవిలో మిషనుంది.
చక్రాన్ని గిర్రున తిప్పి
ఎక్కడ ఎంత తక్కువో అంకెల్లో చెప్పేస్తుంది.
మధ్యలో సముద్రం. నాలుగు రోజులుగా గాలి.
పడవ రావడం లేదు.
పొద్దున్న ఆకలి మాత్రం వస్తోంది.

"చక్రం ఊడదీయి" అన్నాడు గౌదెన్సియు.
అప్పుడు నాకు పదిహేనేళ్లు,
ఆయన షెడ్డులో పనికి కుదిరి రెండు నెలలు.
ఒకే ఎత్తున్న రెండు కుర్చీలు వెతకడానికే
అరగంట పట్టింది.
ఆ ఇంట్లో ఏ రెండూ జత కావు.
చివరికి ఒకదాని కాలికింద
పాత కరెంటు బిల్లు మడిచి పెట్టాం.

కుర్చీ వీపుల మీద ఇరుసు,
నేలకందకుండా చక్రం.
బేరింగుల్లో గ్రీజు తుడిచి
పల్చటి నూనె ఒక్క చుక్క వేశాడు.
"ఇక ముట్టుకోకు. అదే చెబుతుంది."

అటు కాస్త, ఇటు కాస్త,
బేరం తేలని మనిషిలా ఊగి ఊగి
ఆగింది.
అడుగుకు దిగిన చోటు బరువు.
దానికి సరిగ్గా ఎదురుగా, పైన, సుద్దగీత.

టైరు మీద పసుపు చుక్క ఉంటుంది,
ఇక్కడ తేలిక అని చేసినవాళ్ల గుర్తు.
అది వాల్వు పక్కకు రావాలి. అది నా పని.
నేను జానెడు అవతల పెట్టాను.
ఆయన చూశాడు. తిట్టలేదు.
టైరు మళ్లీ విప్పమన్నాడు, అంతే.
తిడితే బాగుండేది.

రెండోసారి మొగ్గు తగ్గింది, పోలేదు.
గీత దగ్గర దియొలిందా చిల్లర టేపుతో అంటించాం.
ఒక నాణెం చాలదు.
రెండు.
మూడోది ఎక్కువైంది, చిన్నది వేయి.
పావు చుట్టు తిప్పి వదులు.
సగం చుట్టు తిప్పి వదులు.
ఊపిరి దూరంగా పీల్చు.

ఆ చిల్లరను ఆమె త్రాసులోనే తూచాం.
ఒక పళ్లెంలో నాణేలు,
ఇంకో పళ్లెంలో ఆమె తమ్ముడి వల నుంచి
కోసుకొచ్చిన సీసం గుండ్లు.
త్రాసుకూ ఓ వైపు పాసంగం వేలాడుతోంది:
వేలెడు నల్లరాయి, కొండ కక్కిన రాయి,
వాళ్లమ్మమ్మ కట్టిందట.
"తూచేదాన్ని ముందు తూచాలి" అంది,
ధర చెప్పినంత మామూలుగా.

సీసాన్ని సుత్తితో సాగగొట్టి
పుల్లలకు చుట్టాం.
ఇప్పుడు చక్రం ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది.
సుద్దగీత పైన ఉన్నా, కింద ఉన్నా,
గోడకేసి ఉన్నా, సముద్రానికేసి ఉన్నా,
ఎటూ పోవాలని లేదు దానికి.
అంత కదలకుండా ఉన్న వస్తువును
నేను అదే చూడ్డం,
అదీ తిరగడానికి పుట్టిన వస్తువును.

దియొలిందా చిల్లర లెక్కపెట్టుకుంది.
టేపు జిగురు గోటితో గీకి
జేబులో వేసుకుంది.

మర్నాడు షెడ్డు గడియకు ఒక రొట్టె,
ఇంకా వేడిగా.
సాయంత్రం ఆమె ఆగితే గౌదెన్సియు అడిగాడు:
"అరవైలో వణుకుందా?"
"లేదు."
"ఎనభైలో?"
"ఎనభైలో
రొట్టెలు ఎగిరిపోతాయి, ముసలాడా."