విప్పిన గోడ

కోర్చాలో మంచు పడుతున్న మంగళవారం
జెవహీర్ నా రిపేరు కొట్టుకొచ్చాడు,
రొట్టెల సంచీలో చుట్టిన
మనవరాలి పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని.

"దీని లోపల ఎవరూ ఉండకూడదు" అన్నాడు.
వైరస్ అనలేదు. ఎవరూ అన్నాడు.

ఈయనెవరో మా వీధికంతా తెలుసు.
మా తాతయ్య వంటగది గోడకవతల
పదకొండేళ్ళు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని
కూర్చున్న మనిషి.
గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడ చెవులకు పేరుంది, జీతముంది,
చలికాలం వస్తే జలుబుండేది.
తుమ్ము వినపడగానే అమ్మమ్మ
మాట మార్చి ఉల్లిపాయల ధర ఎత్తుకునేది.

స్క్రూలు విప్పాను. దుమ్ము ఊదాను.
ఉన్నదంతా చెరిపి లినక్స్ ఎక్కిస్తుంటే
నల్ల తెర మీద తెల్లక్షరాలు బారులు తీరాయి.
కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు.
"ఇవన్నీ నువ్వు చదివావా, ఎర్మిరా?"

లేదు.
కోట్ల వరుసలవి.
ఒక చలికాలమంతా కూర్చుని నాలుగు వందలు చదివాను,
కీబోర్డు దీపం సంగతి చూసే ఓ మారుమూల.
అక్కడ ఒక లెక్క ఒకటి తగ్గితే దిద్ది పంపాను.
ముక్కూ మొహం తెలియనివాడెవడో
మూడు రోజులు ప్రశ్నలతో నన్ను వేపుకుతిని
అప్పుడు ఒప్పుకున్నాడు.
వాడు నన్ను నమ్మలేదు.
అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

"మరి మిగతాది?"
మిగతాది ఎవరో చదివే ఉంటారు.
చదవకపోయీ ఉండొచ్చు,
తెరిచిపెట్టిన పుస్తకం మీదా దుమ్ము పడుతుంది.
ఇక ఈ చిప్పు కడుపులో ఏముందో
నాకూ ఎవరూ చూపించరు.
నమ్మి చెడినవాళ్ళు లేరంటారు గానీ
మా ఇంట్లో ఉన్నారు, ముగ్గురు,
ఒకే ఫొటోలో, నవ్వుతూ.

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
పొయ్యిలో కట్టె ఒరిగింది.
"మా ఆఫీసులో," అన్నాడు చాలాసేపటికి,
"మా మీదా ఒక చెవి ఉండేది.
ఎవరిదో నాకింతవరకూ తెలీదు."

క్షమించమని అడగలేదు.
నేనూ ఆ మాటకు చోటివ్వలేదు.
డబ్బులు చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చాడు.

పాస్‌వర్డ్ పెట్టుకోమని తెర ఆయన వైపు తిప్పి
నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.
వెనక, ఒంటి వేలితో వెతుక్కుంటూ
ఒక్కొక్క మీటే నొక్కుతున్నాడు.
వినకూడదనుకుంటూనే
లెక్కపెట్టాను.

తొమ్మిది.