సింకు ముక్క

టెక్సాస్ ఎంత పెద్దదో నాకు తెలీదు.
దాని వంటిండ్లు మాత్రం తెలుసు.

మురకంబట్టు దాటినాక రోడ్డు పక్కన
రేకుల షెడ్డులో, మోకాళ్ళదాకా బూట్లేసుకొని
పదకొండేండ్లుగా నేను
వాళ్ళ వంటగట్ల అంచులు నునుపు చేస్తా ఉండాను.

ఆర్డరు కాగితం దొరసామి చేతికొస్తుంది,
ఆయన చేతి నుంచి గోడ మీదికి.
ఊరి పేరు, ఇండ్ల లెక్క, పలక మందం,
సింకు కోసం కోయాల్సిన గుంత కొలత.
ఇంగ్లీషు నాకు రాదు. అంకెలు చదవతాను.

నేను చేరినప్పుడు ఇరవై రెండు ఇండ్లు.
మరుసటేడు తొంభై.
ఆ తరవాత వీధికి వీధే ఒక్క కాగితం మీద దిగింది:
మూడు వందల ఇండ్లు, ఒకే నలుపు, ఒకే అంచు,
కవల పిల్లలకు గౌన్లు కుట్టినట్టు.
ఆడ ఫ్యాక్టరీలు లేస్తా ఉండాయంట,
చిప్పులంట, బ్యాటరీలంట,
ఎండను రాత్రికి దాచిపెట్టే పెట్టెలంట.
యాడాడి జనమో వచ్చి దిగతా ఉండారంట.
వచ్చినోళ్ళు ఏం చేసినా, ఏం తిన్నా
గిన్నెలు కడగాల కదా.

సింకులు కూడా పెరిగినాయి.
మొదట్లో గుంత తట్టంత.
ఇప్పుడు చంటిబిడ్డను కూచోబెట్టి నీళ్ళు పోయొచ్చు.
ఒక రాష్ట్రం బాగుపడతా ఉందని
పేపరోళ్ళకంటే ముందు
గుంతలు కోసే మా ఢిల్లీబాబుకు తెలిసిపోతుంది.

దొరసామి గదిలో దాని పటం ఉంది.
టీ ఇయ్యబోయి ఒకసారి చూసినాను.
పైన ఒక పక్క తిన్నగా,
ఒక పక్క కుక్క కొరికినట్టు,
కింద మూల ఇరిగిపోయి.
అట్లాంటి పలక నా బల్ల మీదికొస్తే
సుద్దతో అడ్డగీత గీసి పక్కన పెట్టేస్తాను.
నవ్వొచ్చింది. చెప్పలేదు.

పలక మద్రాసు రేవుకు పోతుంది, చెక్కల మధ్య నిలబడి.
గుంత దాంతోనే పోతుంది.
గుంతలోంచి ఊడిన ముక్క ఈడ్నే ఉంటుంది.

మా కాలనీకి రా, చూపిస్తా.
మునెమ్మ గుడ్డలుతికే బండ, అది హ్యూస్టన్.
బస్సు కోసం కూచునే తిన్నె డాలస్,
రెండు ముక్కలు సిమెంటుతో అతికించినారు.
సుబాన్‌బీ గరుకు వైపు పైకి తిప్పి
ఊరిబిండి నూరేది
నా నోరు తిరగని ఏదో చిన్న ఊరు.
వాన వెలిస్తే అన్నీ ఒక్కసారే తళుక్కుమంటాయి,
మూత లేని కుండల పక్కన పడేసిన మూతల మాదిరి.

రాయి బంగారుపాళ్యం అవతల కొండది.
ఆ కొండకు ఎవరూ కొలత రాసి పెట్టుకోలేదు.
దాని భుజం మీద పొద్దును చూసి
మా అత్త గొడ్లను ఇప్పేది.
ఇప్పుడు భుజం లేదు.
పొద్దు మునుపటికంటే బిరీన వచ్చేస్తుంది.

పోయినేడు ఆడ ఎవరో వడ్డీ పావలా పెంచినారంట.
ఈడ మిషను ఆగిపోయింది.
రెండు నెలలు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
టెంకలు ఏరినాను.
చేతులు తియ్యగా వాసనొచ్చేవి. కూలి తక్కువ.
మళ్ళీ కాగితం వచ్చింది. మళ్ళీ బూట్లు.

కానీ ఇంక కొండే అక్కర్లేదంట.
పొడి పోసి, జిగురు కలిపి, అచ్చు కొట్టి
ఆడే రాయి చేసుకుంటారంట.
"పదేండ్లు ఢోకా లేదులే" అంటాడు దొరసామి,
కొండను కాదు, అప్పును లెక్కేసుకుంటా.
నా దగ్గులో కూడా కొంచెం నలుపుంది.
దాని మందం ఏ కాగితంలోనూ రాదు.

పలక అడుగును ఎవరూ నునుపు చెయ్యరు.
ఆ గరుకు మీద మైనం పెన్సిలుతో నంబరు వెయ్యాల.
నంబరు పక్కన, మొన్నటి నుంచి,
ఒక "మొ" రాస్తా ఉండాను.
మొగిలీశ్వరిలో మొదటి అక్షరం.

ఏదో ఒక దినం ఆ సింకు కారుతుంది.
పైపులు బాగుచేసే మనిషి టార్చి పట్టుకొని
గట్టు కింద ఎల్లకిలా పడుకుంటాడు కదా,
చూస్తాడు.
పగులేమో అనుకొని
వేలితో తడిమి చూస్తాడు.