పేరు, రంగు, తేదీ

తెల్లారి ఆరింటికి బసవనగుడి వీధుల్లో ఉంటాను,
ఐసు డబ్బా, సూదులు, రంగు మూతల గొట్టాలతో.
పరగడుపున కూర్చున్న వాళ్ళ మోచేతి వంపులో నరం వెతికి
"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని అబద్ధమాడి
రక్తం తీసుకునే వాణ్ణి.
గొట్టం మీద పేరు, వయసు, టైము రాయకుండా
గడప దాటకూడదు.
ఒకసారి దాటాను. ఒకరి చక్కెర ఇంకొకరికి వెళ్ళింది.
ఆ నెల జీతంలో కోత.

అందుకేనేమో, గేటు పక్క ఎండిన పువ్వు కనిపిస్తే
జేబులోంచి కవరూ పెన్నూ ఒకేసారి వస్తాయి.

అడిగే కోసుకుంటాను.
విరిసిన పువ్వు అడిగితే ముఖం ముడుచుకునే వాళ్ళు
ఎండినది అడిగితే "దాన్నేం చేసుకుంటావయ్యా" అని
నవ్వి ఇచ్చేస్తారు.
చంద్రకాంత గింజలు మెట్ల మీద మిరియాల్లా రాలి ఉంటాయి.
గడ్డిగులాబీది ఇనప రజను, ఊపిరి బిగబట్టి దులపాలి.
మెట్టతామర గింజ తుపాకీ గుండే,
గచ్చు మీద అరగదీసి రాత్రంతా నానబెడితే తప్ప
మొలవనంటే మొలవదు, అచ్చం మా మేనమామ.
కనకాంబరం ఎండుకాయని అరచేతిలో పెట్టి
ఒక్క చుక్క నీళ్ళు వేస్తే కాసేపటికి
టప్!
సూదికి ఏడ్చే పిల్లలకి ముందు అదే చూపిస్తాను.
ఆ నవ్వు పూర్తయ్యేలోగా నా పని అయిపోతుంది.

జలజాక్షమ్మగారింటికి మూణ్ణెల్లకోసారి.
కన్నడంలో తిడతారు, తెలుగులో కాఫీ ఇస్తారు.
గోడ వారన ముద్ద జినియాలు, తడి కుంకుమ రంగు.
జూన్ వానలకి ముందు ఒకటి కాడ మీదే ఎండింది.
రేకు పట్టి లాగితే మొదట్లో బాణం ములుకులాంటి గింజ.
కవరు మీద రాశాను:
జినియా. ముద్ద. కుంకుమెరుపు. జలజాక్షమ్మ, 79.
వయసు చేతి అలవాటు.
కొట్టెయ్యబుద్ధి కాలేదు.

నా గది మూడో అంతస్తు.
రెండు పెయింటు డబ్బాలు, ఒక చిల్లి కుక్కరు.
కింది వాళ్ళ బట్టల మీద కారకుండా నీళ్ళు చెంచాతో పోస్తాను.
ఐదో రోజుకి మొలకలు, నెత్తిన పొట్టు టోపీలు.
యాభై ఏడో రోజున మొదటిది విప్పింది.
ఒంటి రేకు. నీళ్ళు కలిపిన నారింజ.
రెండోది తెలుపు కాబోయి మధ్యలో మనసు మార్చుకున్నట్టుంది.
మూడోది ఏ రంగో
చెప్పడానికి మాట దొరకలేదు.

కవరు తీసి చూసుకున్నాను. చేతిరాత నాదే.

పార్కు మాలి మునిచిన్నప్ప బీడీ ఆర్పి చెప్పాడు:
"అది కంపెనీ ఇత్తనం కదప్పా. ఒక తూరి మాటింటాది.
రెండో తూరికి అవ్వల పెట్టి తెరిచి
ఎవురి చీర కావాలంటే వాళ్ళది కట్టుకుంటాది."

సెప్టెంబరులో జలజాక్షమ్మగారికి ఫోనులో చూపించాను.
కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి చూశారు.
"ఎప్పుడూ నీ కాగితం నన్ను తప్పంటుంది,
ఈసారి నీ రిపోర్టే తప్పు!"
పొట్ట పట్టుకుని నవ్వారు, చెయ్యి కదిలిపోయింది.
రెండోసారి గుచ్చాల్సి వచ్చింది.
దూది అదుముకుంటూ అన్నారు,
"ఆ మూడోదాని గింజలు నాకు తెచ్చివ్వు."

నిన్న అది ఎండింది.
కవరు తీశాను. జినియా. ఒంటి రేకు. తేదీ వేశాను.
రంగు దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది,
కింద ఎవరో స్కూటరు తంతూనే ఉన్నారు.

ల్యాబులో అయితే ఇలాంటి గొట్టాన్ని పారబోస్తారు.
నేను నాలుకతో తడిపి
కవరు అంటించాను.