అడుగంటిన రాత్రి

బయట బుర్యా గాలి.
కప్పు మీది పలకలు ఎగిరిపోకుండా
వాటి మీద ఇంకో వరస రాళ్ళు పేర్చుకునే ఊరు మాది.
ఫిబ్రవరిలో ఇక్కడ
మాటలు కూడా తలుపులేసుకునే మాట్లాడుకుంటాం.

అమ్మ నిన్న రాత్రే చిక్కుడు గింజలు నానేసింది.
పుల్లబెట్టిన క్యాబేజీ, రెండు బంగాళాదుంపలు,
పొగబెట్టిన పంది పక్కటెముక ఒకటి.
యోటా అంటే అంతే.
కానీ గరిటె అందులో నిలబడాలి.
నిలబడకపోతే అది ఒట్టి పులుసు, అనేది మా నాయనమ్మ.

పొయ్యి పక్క కుర్చీ నాన్నది.
ఉప్పు తగ్గిందని కూడా
అక్కణ్ణుంచే, వాసన చూసే చెప్పేవాడు.

అమ్మ పైగదిలో దుప్పట్లు మారుస్తోంది.
నేను గ్లాసులు తుడుస్తూ వసారాలో.
తమ్ముడు యెర్నేయ్ నేలమాళిగలో, కొత్త తెరాన్ కూజాకి పడుతూ.
మాడు వాసన ముగ్గురికీ ఒకేసారి తగిలింది.
మూడు వైపుల నుంచి పరిగెత్తుకొచ్చాం.
నాన్న పొయ్యికి జానెడు దూరంలో
పేపరు చదువుకుంటున్నాడు.
"ఏమైంది?" అన్నాడు.

అమ్మ గరిటెతో అడుగు గీకింది.
కాసేపు ఇంట్లో ఆ చప్పుడొక్కటే.
"ఎప్పట్నుంచి?" అంది, తలెత్తకుండా.
"ఆగస్టు జ్వరం తర్వాత."

ఆగస్టు.
అంటే కోతలకి ముందు.
అంటే ఈ కూజాలో ఉన్నది

యెర్నేయ్ దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

అప్పుడు చెప్పాడు నాన్న, ఒక్కో ముడీ విప్పుతున్నట్టు.
పండిందో లేదో గింజ కొరికి చూశాడట,
పటుక్కుమన్న రోజే కోయమన్నాడట.
పులుస్తున్న తొక్కల వేడి మోచేతితో చూశాడట,
పసిబిడ్డ స్నానానికి నీళ్ళు చూసినట్టు.
రాత్రిళ్ళు పీపాకి చెవి ఆనించి
బుసబుస ఎప్పుడు గుసగుస అయిందో,
గుసగుస ఎప్పుడు నిద్రపోయిందో విన్నాడట.
"ముక్కు పోయిందంటే
పీపాలు వీడికప్పగించి కూర్చోమంటారని..."
యెర్నేయ్ వైపు మాత్రం చూడలేదు.

తమ్ముడే పోశాడు.
మా ఎర్రమట్టి కంటే చిక్కని రంగు.
అంచున ఊదా, దెబ్బ తగిలిన మర్నాటి చర్మంలా.
గ్లాసులు తాకించేటప్పుడు కళ్ళలోకి చూడాలి, అది మా పద్ధతి.
ఆ రాత్రి ఎవరం చూడలేకపోయాం.

ఒక గుక్క.
దవడల కింద పులుపు చురుక్కుమంది,
దాని వెనకే వగరు, నాలుక అంచులు బిగబట్టి.
చిన్నప్పుడు నోట్లో పెట్టుకున్న మేకు గుర్తొచ్చింది.

"చెప్పండి," అన్నాడు నాన్న.
నలభై ఏళ్ళు మాకు చెప్పినవాడు.

"నల్ల చెర్రీ," అన్నాను,
చదువుకొచ్చినట్టు వినిపించింది నాకే.
"వానలో తడిసిన గుర్రపు జీను," అన్నాడు యెర్నేయ్,
గుర్రమన్నదే లేని ఇంట్లో పుట్టి.
వాడి కూతురు ఆల్యా, ఏడేళ్ళది,
ఖాళీ అయిన నా గ్లాసులో ముక్కు దూర్చి
"తాతా, నీ కోటు లోపలి జేబు," అంది.

నాన్న జేబు తడుముకున్నాడు.
తీగలు కత్తిరించే కత్తెర, పురికొస ముక్క,
ఎండి చుట్టుకుపోయిన ఆకు ఒకటి.
వాటిని బల్ల మీద పరిచి
చాలాసేపు చూశాడు, చదువుతున్నట్టు.

అమ్మ ఎప్పుడూ ఒక్క గుక్కతో ఆపేస్తుంది.
ఆ రోజు గ్లాసు పూర్తిగా దించి,
"పుల్లగా ఉంది. నిరుటి దానికంటే మొండిది," అంది.
ఇంకోసారి పొయ్యమని గ్లాసు జరిపింది.

పైపైన తేర్చి అందరికీ వడ్డించింది.
మాడు అంటకపోలేదు.
పొగా పులుపూ చేదూ,
ఏది వంటదో ఏది వైన్‌దో తెలీలేదు.
ఆల్యా మళ్ళీ పెట్టించుకుంది.

"జ్దెన్కా, అడుగు నాకు పెట్టు," అన్నాడు నాన్న.
"చేదు ఇంకా తెలుస్తోంది."

అమ్మ గిన్నె మొత్తం ఆయన ముందుకు తోసింది,
గరిటె అందులోనే నిలబడి ఉండగా.