రాయని మెట్టు

కుతాయిసీలో మంగళవారం సాయంత్రాలు
లైబ్రరీ వెనక గదిలో తర్కం క్లాసు.
తొమ్మిదిమందిమి. ఇద్దరు నిద్రపోతారు.
మ్యూజియం గోడమీది చీటీ ఒకటి చదివి వచ్చి
పంతులమ్మ నతేలా బోర్డు మీద మూడు వరుసలు రాసింది:

చిత్రకారుడు బాధపడ్డాడు.
చిత్రం గొప్పది.
కాబట్టి బాధే కళకు తల్లి.

"ఇందులో ఎవరో ఒక మెట్టు పీకేశారు.
చీకట్లో అలవాటు కొద్దీ దాటేస్తున్నాం.
వెతకండి" అంది.
సుద్దముక్క నా చేతికొచ్చింది.

నేను నర్సుని.
కొవ్వొత్తి వెలుగులోనైనా నరం వెతికి సూది గుచ్చగలను,
వాక్యంలో ఎక్కడ గుచ్చాలో తెలీలేదు.
ఆ చిత్రకారుడు మా తమ్ముడు ఓతియా అని
ఆ గదిలో ఎవరికీ తెలీదు.

ఆ చలికాలం కరెంటు లేదు.
లారీల ఫ్యాక్టరీ మూతపడింది.
మా భవంతిలో ఇరవై నాలుగు వాటాలు,
అన్నింట్లో అవే కొంకర్లు పోయిన వేళ్లు, అదే కిరోసిన్ పొగ.
మూడో అంతస్తు గివీ ఏ బొమ్మా గీయలేదు.
పియానో కాళ్లు నరికి పొయ్యిలో పెట్టాడు.
బాధ తల్లయితే
మిగతా కాన్పులన్నీ ఏమైనట్టు?

ఓతియాకి దవడ పన్ను పుచ్చింది.
పంతొమ్మిది రోజులు
చెంపని చల్లటి గోడకి ఆనించి కూర్చున్నాడు.
కుంచె ఎండి పుల్లలా బిగుసుకుంది.
బాధ ఉంది ఇంట్లో,
మనిషే లేడు.

నా చెవి లోలకులు అమ్మాను.
జుంబెర్ అనే ముసలి డాక్టరు
మత్తుమందు సగమే ఉందని క్షమాపణ చెప్పి మరీ పీకాడు.
వాడు రెండు రోజులు నిద్రపోయాడు.
లేచి, సూప్ తాగి,
ఫ్యాక్టరీలో మిగిలిపోయిన లారీల పసుపు రంగుతో
ఆ కిటికీ గీశాడు,
జనం ఇప్పుడు ముందు నిలబడి
"ఎంత బాధపడి ఉంటాడో" అని నిట్టూర్చే కిటికీ.

మొదటి వరుస కింద, ఇరుకులో, రాశాను:
నొప్పి తగ్గింది.

నతేలా కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"బావుంది. మరి నీ వాదంలో రాయని మెట్టు?"

ఉంది.
ఇన్నేళ్లుగా పంటి కింద రాయిలా ఉంది.
లోలకులు అమ్మకపోతే కిటికీ లేదని,
ఆ పసుపులో కొంత నాదని,
ఆ చీటీలో నా పేరూ ఉండాలని.
సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

ఇంకోటి కూడా చెప్పలేదు.
ఆ కిటికీకి ఎడమ మూల, కింద,
చెంప ఆనించినంత మేర
వాడు రంగు వేయలేదు.
ఉత్త గుడ్డ.
ఎందుకని అడుగుదామంటే వాడు లేడు.

నిద్రపోయేవాళ్లలో ఒకాయన లేచి
జవాబేమిటన్నాడు.
బస్సు వేళయింది, కోటు వెతుక్కున్నాను.